దోమతెరలో గ్యాసు బూర

మా ఇంట్లో దాన్ని బూర అనేవాళ్లం. బెలూన్ అన్న మాట నాన్న బడిలో పాఠం చెప్పేటప్పుడు మాత్రమే వాడేవారు. బుడగ అంటే మాకు నీటిది. వానాకాలంలో చూరు నీళ్లు ముంగిట్లో పడినచోట పుట్టి, నాలుగడుగులు కొట్టుకుపోయి, చూస్తుండగానే మాయమయ్యేది. "బుడగలు లేచాయంటే ఈ వాన ఇప్పట్లో వదలదు" అని నాయనమ్మ ఎక్కడికో వెళదామని తీసిన గొడుగును మళ్లీ మూలన పెట్టేసేది. బూర అలా కాదు. అది రబ్బరుది, రంగుది, డబ్బులిచ్చి కొనాల్సినది. అన్నిటికీ మించి, తీర్థంలో, అంటే జాతరలో, దొరికేది.

అమ్మవారి పండగకు ఊదే కొమ్మునూ నాయనమ్మ బూర అనే అనేది. చిన్నప్పుడు ఒకే మాటకు రెండు వస్తువులేమిటని నేను అడగనే లేదు. రెండూ ఊదేవే కదా.

ఆ మాటలు ఊరు దాటితే మారిపోతాయని వాల్తేరులో చదువుకునేటప్పుడు తెలిసింది. హాస్టల్లో నా గదిలో ఉండే తెలంగాణ అమ్మాయి బూరను బుగ్గ అనేది. "బుగ్గ అంటే చెంప కదా?" అని నేనంటే, "ఊదినప్పుడు చెంప ఎట్లుంటదో చూసుకో" అని అద్దం చేతికిచ్చింది. తాడిపత్రి నుంచి వచ్చిన మరో అమ్మాయి మా ఇద్దరినీ ఆపి, బుగ్గ అంటే నీటి ఊట అంది. వాళ్ల ఊళ్లో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. అక్కడ లింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతూనే ఉంటుందట. చెంప, ఊట, బూర. లోపలి నుంచి ఏదో తోసుకొచ్చి పొంగేవన్నీ ఒకే మాట కిందికి చేరాయి. ఆ రాత్రి ముగ్గురం దీపం ఆర్పాక కూడా చాలాసేపు ఇలాంటి మాటలే ఏరుకుంటూ కూర్చున్నాం. బూరె, బూరెబుగ్గలు, బుంగమూతి, బుడ్డి.

బుంగమూతి అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది 1980 నాటి సిరిమాను తీర్థం.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. అంతకు ముందు ఏడాదే, 1979లో, విజయనగరం జిల్లా ఏర్పడింది. అప్పటిదాకా మేము శ్రీకాకుళం జిల్లావాళ్లం. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. నాకు అప్పుడు ఏడేళ్లు. నాన్న, నేను పొద్దున్నే పాసింజరు ఎక్కి, గరివిడి, నెల్లిమర్ల దాటుకుంటూ విజయనగరంలో దిగాం. గంటస్తంభం దగ్గరికి వచ్చేసరికే కాలు పెట్టే చోటు లేదు. అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల వైపు జనం కదలడం లేదు, ఒకరినొకరు మోసుకుపోతున్నారు.

బూరలవాడు కనబడడం కంటే ముందు వినబడతాడు. వేలు తడి చేసుకుని బూర మీద రుద్దితే కిర్రుమని ఒక చప్పుడు పుడుతుంది. అంత గోలలోనూ పిల్లల చెవులకు అది అందుతుంది. చప్పుడు వచ్చిన వైపు చూస్తే తోపుడు బండి, దాని మీద తుప్పు పట్టిన సిలిండరు, దారాలతో కట్టిన గ్యాసు బూరలు. దాదాపు అన్నీ ఎర్రవి. నాకు ఎర్రదే కావాలి. నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, గుత్తి మధ్యలో ఎక్కడో ఒక్కటే ఉన్న నీలం బూరను విడదీయించారు. నేను ఎర్రదే కావాలని ఏడ్చాను. ఏనాడూ నా మాట కాదనని మనిషి ఆ రోజు వినలేదు. రూపాయి ఇచ్చి, దారం నా ఎడమ చేతి మణికట్టుకు రెండు ముళ్లు వేసి, దారం పొడవును తన తలతో కొలుచుకుని, ఇంకో మూర వదిలారు. నేను మూతి ముడుచుకుని నడిచాను.

మధ్యాహ్నం దాటాక సిరిమాను కదిలింది. ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం వెళ్లాయి. వెనక సిరిమాను. పొడుగాటి చింతమాను, దాని కొసన గాలిలో కూర్చున్న పూజారి. ఆ మాను ఫలానా చోట ఉందని అమ్మవారే ఆయనకు కలలో చెబుతుందంటారు. గుడి నుంచి కోట దాకా వెళ్లి తిరిగి రావడం, అలా మూడుసార్లు. జనం అరటిపళ్లు విసురుతున్నారు. అందరి తలలూ పైకే ఉన్నాయి. నా తలా పైకే ఉంది. ఆ క్షణంలో ఎక్కడి నుంచో ఒక తోపు వచ్చింది. నాన్న చేయి నా చేతిలోంచి జారిపోయింది.

ఎంతసేపో చెప్పలేను. చుట్టూ పంచెలు, చీరలు, చెమట, నలిగిన అరటిపండు వాసన. పైకి చూస్తే సిరిమాను లేదు, ఆకాశం లేదు, నా బూర ఒక్కటే కనిపిస్తోంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి నాన్న జనాన్ని చీల్చుకుంటూ తిన్నగా నా దగ్గరికే వచ్చారు. ఆయన నన్ను వెతకలేదు. నీలం రంగు కోసం చూసుకుంటూ వచ్చారు. ఎత్తుకుని భుజం మీద వేసుకున్నాక ఆయన గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో నా పొట్టకు తెలిసింది. "ఎర్రదైతే ఎలా పట్టుకునేవాడినమ్మా, అందరివీ ఎర్రవే" అన్నారు. అంతే అన్నారు. ఇంట్లో అమ్మకు ఈ సంగతి చెప్పవద్దని ఇద్దరం రైల్లో ఒప్పందం చేసుకున్నాం.

తిరుగు రైలు కిక్కిరిసి ఉంది. మా ఎదురుగా ఒకాయన బీడీ వెలిగించబోయాడు. నాన్న ఒక్కసారిగా లేచి చేయి అడ్డుపెట్టారు. "బాబూ, దయచేసి వద్దు. ఈ బూరలో ఉన్నది హైడ్రోజన్. నిప్పు తగిలితే పిల్ల ముఖం కాలిపోతుంది." ఆయన హడలిపోయి బీడీని జేబులో పెట్టేసుకున్నాడు. అక్కడి నుంచి చీపురుపల్లి వచ్చేదాకా ఆ పెట్టెలో నాన్న పాఠం నడిచింది. తీర్థాల్లో ఆ గ్యాసును అల్యూమినియం ముక్కల మీద కాస్టిక్ సోడా పోసి తయారు చేస్తారని, అందులో వేడి పుడుతుందని, సిలిండరు పాతదైతే ప్రమాదమని చెప్పారు. హీలియం అయితే మండదు, కానీ అది ఖరీదు. ఈ మధ్య కూడా తీర్థాల్లో గ్యాసు సిలిండరు పేలిందన్న వార్త పత్రికలో చదివిన ప్రతిసారీ నాకు ఆ చేయి గుర్తొస్తుంది. పిల్లల చేతికి గ్యాసు బూర ఇచ్చేముందు అందులో ఏ గ్యాసు ఉందో అడిగి తెలుసుకోండని చూసిన ప్రతి తల్లికీ చెబుతూనే ఉన్నాను.

గొర్రె, బాతు, కోడి కథ కూడా ఆ రైల్లోనే విన్నాను. ఫ్రాన్సులో మాంట్‌గోల్ఫియర్ సోదరులని ఇద్దరు ఉండేవారు. వాళ్లు గుడ్డతో, కాగితంతో చేసిన పెద్ద బెలూన్ కింద మంట పెట్టి, వేడిగాలితో 1783 సెప్టెంబరు 19న వెర్సేల్స్‌లో రాజుగారి ఎదుట ఎగరేశారు. బుట్టలో మనుషులు లేరు. ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు. పైగాలిలో ప్రాణం నిలుస్తుందో లేదో ముందుగా తెలియాలి కదా. అవి సుమారు ఎనిమిది నిమిషాలు ఎగిరి బతికే దిగాయి. ఆ తర్వాత, నవంబరు 21న, మనుషులు ఎగిరారు. బీడీ పెద్దాయన అంతా విని, "గొర్రెకు భయం వేయలేదా మాస్టారూ?" అని అడిగారు. నాన్న నిజాయితీగా, "వేసే ఉంటుంది" అన్నారు.

2017 నవంబరులో అరకులో మొదటిసారి వేడిగాలి బెలూన్ల పండగ పెట్టినప్పుడు నాన్నను తీసుకువెళ్లాను. ఇంకా మంచు వీడలేదు. నేల మీద గుడ్డ పరిచి, ముందు పెద్ద ఫ్యానుతో మామూలు గాలి నింపారు. అది పక్కకు ఒరిగి పడుకున్న ఏనుగులా ఉబ్బింది. తర్వాత బర్నరు మంట లోపలికి పెట్టగానే మెల్లగా లేచి నిలబడింది. నాన్న శాలువా సర్దుకోవడం కూడా మరిచిపోయి చూశారు. ముప్ఫై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మను ఆయన కళ్లెదుట చూడడం అదే మొదలు.

మళ్లీ ఆ నీలం బూర దగ్గరికి వస్తాను. ఇంటికి చేరేసరికి రాత్రయింది. బూరను బయట వదలడానికి నాకు మనసొప్పలేదు. ఇంటి కప్పు తాటాకుది, ఈనె గుచ్చుకుంటే పేలిపోతుంది. నాన్న ఆలోచించి దాన్ని దోమతెరలోకి తెచ్చారు. మంచం నాలుగు కోళ్లకు కట్టిన కర్రల మీద దోమతెర, దాని పైభాగాన్ని లోపలి నుంచి మెల్లగా తోస్తూ బూర. లాంతరు వత్తి తగ్గించి దూరంగా పెట్టారు. ఆ మసక వెలుగులో బూర నీలం కాదు, నల్లటి చందమామ. నేను ఊపిరి వదిలినప్పుడల్లా అది కొంచెం కదిలేది. దారం చివర నా ముక్కుకు తగులుతూ ఉండేది. అంత దగ్గరగా, అంత నిశ్శబ్దంగా ఒక వస్తువును నేను అప్పటిదాకా చూడలేదు.

తెల్లవారి కళ్లు తెరిస్తే బూర నా ముఖానికి ఎదురుగా ఉంది. పైకీ లేదు, కిందికీ లేదు, మంచానికీ దోమతెరకూ సరిగ్గా మధ్యలో నిలబడి ఉంది. దానికి జబ్బు చేసిందని నేను ఏడిచాను. నాన్న పక్కన కూర్చుని, రబ్బరు మన కంటికి కనబడనంత సన్నని జల్లెడ అని, హైడ్రోజన్ చాలా చిన్నది కాబట్టి అందులోంచి నెమ్మదిగా జారుకుంటుందని చెప్పారు. మూడో రోజుకు అది నేల మీద పాకింది. గాలి వీస్తే గడప దాకా వెళ్లి ఆగేది. చర్మం ముడతలు పడి నాయనమ్మ చేతిలా అయింది. నాయనమ్మే దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇంక చాలులే, దీనికి విశ్రాంతి ఇద్దాం" అంది.

విశ్రాంతి అంటే పారేయడం కాదు. పేలిన బూరకు, నీరసించిన బూరకు మా పిల్లల దగ్గర ఇంకో జన్మ ఉండేది. ఎండిన కొబ్బరిచిప్పను గచ్చు మీద అరగదీసి, అంచు నున్నగా చేసి, బూర తోలును దాని మీద లాగి దారంతో బిగిస్తే డప్పు. అగ్గిపుల్లతో కొడితే టంగుమనేది. చిన్న ముక్క మిగిలితే నోట్లోకి లాగి, లోపల ద్రాక్షపండంత బుడగ చేసి, మెలితిప్పి, పక్కవాడి నుదుటి మీద టప్పున పేల్చేవాళ్లం. బూరలు లేని రోజుల్లో ఆ ముచ్చట పొలంగట్ల మీది బుడ్డకాయలు తీర్చేవి. లాంతరు లాంటి పలుచని తొడుగులో కాయ ఉండే ఆ కలుపుమొక్క ఇప్పటికీ ఎక్కడైనా కనిపిస్తే నా చేయి ఆగదు.

ఒకసారి మేకల కాపరి ఒకాయన బడికి ఒక తెల్లటి పెట్టె తెచ్చాడు. చెట్టు మీద పడిందట. తీగలు, వాటికి అంటుకుని చిరిగిన రబ్బరు పేలికలు. ఊళ్లో అది బాంబేమోనని భయపడ్డారు. నాన్నకు చూడగానే తెలిసిపోయింది. వాతావరణ శాఖవాళ్లు పైగాలి కొలవడానికి రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామున, సాయంత్రం వదిలే బెలూన్ అది. విశాఖపట్నంలోనూ వదులుతారు. పైకి వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి, బెలూన్ ఉబ్బుతూ ఉబ్బుతూ చివరికి పేలిపోతుంది. వేడి, తేమ, పీడనం ఎంతెంత ఉన్నాయో పెట్టెలోని పరికరం దారి పొడవునా రేడియోలో కిందికి చెబుతూనే ఉంటుంది. "తుఫాను వస్తోందని రేడియోలో మనకు చెబుతారే, ఆ కబురు తెచ్చేవాటిలో ఇదొకటి" అన్నారు నాన్న. తుఫాను మాట ఎత్తితే మా జిల్లాల్లో ఎవరూ నవ్వరు. పిల్లలందరం ఆ పెట్టె వైపు చేతులు కట్టుకుని చూశాం. పేలికలు మాత్రం సాయంత్రానికల్లా కొబ్బరిచిప్పల మీదికి చేరాయి.

నాన్న పాఠాల్లో పిల్లలు ఎక్కువగా చెప్పుకునేది రెండు బూరల ప్రయోగం. కాంపౌండరుగారిని అడిగి తెచ్చుకున్న సెలైన్ గొట్టం, దానికి ఉండే చిన్న చక్రం. గొట్టం ఒక కొసన బాగా ఊదిన పెద్ద బూర, రెండో కొసన కొంచెమే ఊదిన చిన్న బూర. మధ్యలో చక్రం బిగించి ఉంటుంది. "చక్రం వదిలితే ఏమవుతుంది?" పెద్ద దానిలోంచి చిన్న దానిలోకి గాలి పోయి రెండూ సమానమవుతాయని తరగతి మొత్తం చేతులెత్తేది. ఏ ఏడాదైనా అదే జవాబు. నాన్న చక్రం తిప్పేవారు. చిన్నది ఉన్న ఆ కాస్తా పెద్దదానికి ఇచ్చేసి చిక్కిపోయేది, పెద్దది ఇంకా పెద్దదయ్యేది. తరగతిలో ఒక్కసారిగా గోల. చిన్న బూరలో ఒత్తిడి ఎక్కువ, అందుకే కొత్త బూర ఊదేటప్పుడు మొదటి ఊపిరికే బుగ్గలు నొప్పి పుడతాయి, తర్వాత సులువవుతుంది అని ఆయన చెబుతుంటే, మేమంతా బుగ్గలు తడుముకుని, నిజమే నిజమే అనుకునేవాళ్లం. నేను కూడా ఆ తరగతిలో కూర్చున్న పిల్లనే. నేనూ తప్పుగానే చెయ్యెత్తాను. రబ్బరు బూరలను మొదట చేసింది బొమ్మలవాళ్లు కాదని, 1824లో మైకేల్ ఫారడే తన హైడ్రోజన్ ప్రయోగాల కోసం రెండు రబ్బరు రేకులను అంటించి చేశాడని కూడా ఆ రోజే విన్నాను.

2016లో ఒక సాయంత్రం అమ్మ ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "నాన్నకు గుండెలో బూర వేయాలంటున్నారమ్మా. నువ్వు వచ్చెయ్." అమ్మ బెలూన్ అనలేదు. బూర అంది. ఎన్నేళ్లుగానో తీర్థానికీ దోమతెరకూ ముడిపడి ఉన్న మాట అలా వచ్చి తగిలేసరికి నాకు కాళ్లు ఆడలేదు.

విశాఖలో ఆసుపత్రికి వెళ్లేసరికి నాన్న మంచం మీద కూర్చుని డాక్టరును ప్రశ్నలు అడుగుతున్నారు. ఆ కుర్ర డాక్టరు ఓపిక నేను మరిచిపోలేను. మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నని తీగ గుండె దాకా పోతుంది. దాని మీదుగా మూసుకుపోయిన చోటికి బెలూన్ వెళుతుంది. ఊదితే దాని అడ్డం మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. "గాలి నింపుతారా, నీళ్లా?" అని నాన్న అడిగారు. డాక్టరు ముఖం వికసించింది. "నీళ్లే మాస్టారూ, సెలైనులో మందు కలిపి. ఒకవేళ పగిలినా రక్తంలోకి గాలి పోకూడదు కదా." పది పన్నెండు వాతావరణాల ఒత్తిడితో కొన్ని సెకన్లు ఊదుతారట. నాన్న నా వైపు తిరిగి, "కారు టైరులో ఉండే దానికి ఐదారు రెట్లు" అన్నారు. ఆ లెక్క చెప్పేటప్పుడు ఆయన కళ్లలో భయం లేదు. నేను ఆయన కుడి మణికట్టునే చూస్తూ కూర్చున్నాను.

ముప్పావు గంటలో అయిపోయింది. మణికట్టుకు పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ బిగించి, దానిలోనూ గాలి నింపి ఉంచారు, రక్తం రాకుండా. నర్సు గంట గంటకూ వచ్చి కొంచెం గాలి తీసేది.

జనం "గుండెకు బెలూన్ వేశారు" అంటారు. నిజానికి బెలూన్ లోపల ఉండదు. అది వెళ్లి, దారి వెడల్పు చేసి, తన చుట్టూ చుట్టుకున్న లోహపు వలను, అంటే స్టెంటును, అక్కడే విప్పి, తాను ముడుచుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఈ మాట అమ్మకు నేను నాలుగుసార్లు చెప్పాను. అమ్మ తలూపేది, కానీ నాన్న ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే లేపేసేది. బీరువా మూల తగులుతుందేమోనని బీరువానే జరిపించింది. చివరికి నాన్న క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీసి, బూర లోపలికి పోవడం, ఉబ్బడం, చిక్కడం, బయటికి రావడం నాలుగు గళ్లలో చూపించారు. ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది. అదే కాగితం అంచున నాన్న చిన్న అక్షరాలతో రాసుకున్నారు: గ్రుంట్‌జిగ్, జూరిక్, 1977. గుండె రక్తనాళంలో మొదటిసారి బెలూన్ ఊదిన డాక్టరు ఆయన. మొదట్లో ఆ బెలూన్లను తన వంటింటి బల్ల మీద కూర్చుని చేతులతో తయారు చేసుకున్నాడట. వంటింటి బల్ల అన్న చోట నాన్న రెండు గీతలు గీశారు.

మరుసటి సంక్రాంతికి అందరం ఊరు చేరాం. మా అబ్బాయి, తమ్ముడి పిల్లలు, వీధిలో పిల్లలు, అంతా కలిసి పదిహేను మంది. నాన్న నన్ను పిలిచి, చీపురుపల్లి మందుల షాపులో సెలైన్ గొట్టం, పక్క కొట్లో బూరల పొట్లం తెమ్మన్నారు. ఆయన ఊదకూడదని అమ్మ ముందే చెప్పేసింది. ఊదే పని మా అబ్బాయికి అప్పగించారు. మొదటి ఊపిరికి వాడి బుగ్గలు బూరెల్లా ఉబ్బి, ముఖం కందిపోయింది. తర్వాత సులువైంది. మూతులు గొట్టానికి దారంతో కట్టే పని మాత్రం నాన్న ఎవరికీ ఇవ్వలేదు. రెండేసి ముళ్లు. వేళ్లు కాస్త వణికాయి, ముళ్లు సరిగ్గానే పడ్డాయి. పెద్ద బూర ఎర్రది, చిన్నది నీలం.

అరుగు మీద పిల్లలు దగ్గరికి జరిగారు. నాన్న చక్రం మీద బొటనవేలు పెట్టి, "వదిలితే ఏమవుతుంది?" అని అడిగారు. పదిహేను చేతులూ లేచాయి, అన్నీ ఒకే జవాబుకు. నేను గుమ్మం దగ్గర నిలబడి నవ్వాపుకోలేకపోయాను. నాన్న తల తిప్పి నా వైపు చూశారు.

"అమ్మా, నువ్వు మాత్రం చెప్పవద్దు" అన్నారు.